అగ్గువ సరకు – అసలు ధర
(తల్లిదండ్రులకు ఒక పాఠము)

ప్రతి సంవత్సరము ఈ సంచికలో పరీక్షలను గూర్చియో, మాతృభాషను గూర్చియో నాలుగు మాటలు వ్రాయుట మాకు అలవాటు. ఈ పర్యాయము వేరొక విషయమును ఎన్నుకొంటిమి. ఫోనులో బొమ్మ చూచి, విదేశములోని వర్తకుని వద్ద చౌకగా సరకు కొనుటయే ఆ విషయము. దీనికిని బడికిని సంబంధమేమి యని కొందరు అడుగవచ్చును. మన యిండ్లలో ఆర్డరు పెట్టువారు చాలవరకు మన బడి పిల్లలే. సొమ్ము చెల్లించువారు మీరు. కావున ఈ పాఠము ఉభయులకును అవసరము.

గత దీపావళికి ముందు జరిగిన ఒక సంగతిని మొదట చెప్పెదము. మా పదవ తరగతి విద్యార్థి యొకడు, తల్లికి చెప్పకయే, అన్నగారి కార్డుతో విదేశపు వర్తకుని వద్ద చెవిలో పెట్టుకొను ఇయర్‌ఫోనులు కొనెను. ధర 480 రూపాయలు. మూడు వారములైనను సరకు రాలేదు. అంతలో తల్లి ఫోనుకు ఒక పిలుపు వచ్చెను. మాటలాడినవాడు తాను కస్టమ్సు అధికారినని చెప్పుకొనెను. "మీ పేర వచ్చిన పార్సెలు పట్టుబడినది, 2,950 రూపాయలు ఇప్పుడే పంపనిచో కేసు అగును" అని బెదరించి, పార్సెలు సంఖ్య యని ఒక సంఖ్యను కూడ పంపెను. ఆ తల్లి బీడీలు చుట్టి సంసారము నడుపు స్త్రీ. కేసు అను మాట వినగానే గుండె జారి, పండుగకై దాచిన సొమ్ము పంపివేసినది. మరునాడు అతడే మరల 4,000 అడిగెను. అప్పటికి చేతిలో పైకము లేక ఆగిపోయినది. బాలుడు భయపడి మాటలాడలేదు. తల్లి సిగ్గుపడి ఎవరికిని చెప్పలేదు. ఇట్లు తొమ్మిది దినములు గడచినవి. పదవనాడు ఆమె మా యొద్దకు వచ్చి, "సారూ, తప్పు నాది, పిలగాన్ని ఏమనకుండ్రి" అని కంటనీరు పెట్టుకొనెను.

ఆ దినమున మేము చేసిన పనిని తరువాత చెప్పెదము. ఈ వ్యాపారము ఎట్లు నడచునో ముందు తెలిసికొందము. తెలియనిదానికే మనుష్యుడు భయపడును.

1. సరకు ఏల అగ్గువ?

చైనాలో షెన్జెన్, గ్వాంగ్‌జౌ ప్రాంతములు ఎలక్ట్రానిక్ సామానులకును, ఈవూ నగరము చిన్న చిన్న సామానుల టోకు వర్తకమునకును ప్రసిద్ధములు. లక్షల సంఖ్యలో ఒకే వస్తువు తయారగునప్పుడు ఒక్కొక్కదానిపై పడు ఖర్చు మిక్కిలి తగ్గును. మగ్గముపై ఒక్క తువాలు నేయించుటకును, వేయి తువాళ్ళు నేయించుటకును గల భేదము షోలాపురములోని మన చేనేత, పవర్‌లూము కుటుంబములవారికి మేము చెప్పనక్కరలేదు. అలీబాబా సంస్థ 2010లో ప్రారంభించిన అలీఎక్స్‌ప్రెస్ వంటి అంగళ్ళ మూలమున, ఆ ప్రాంతపు వర్తకుడు మధ్యవర్తులు లేకుండ దూరదేశపు ఇంటివారికే నేరుగా అమ్మసాగెను.

రెండవ కారణము తపాలా. 1874లో బెర్ను నగరమున పలు దేశములు కలిసి తపాలా ఒడంబడిక చేసికొన్నవి. 1876లో మన దేశము అందు చేరెను. ఒక దేశపు తపాలాను మరియొక దేశము ఇంటింటికి చేర్చినందుకు ఇచ్చు ప్రతిఫలము 1969 టోకియో మహాసభలో ఏర్పడెను. వెనుకబడిన దేశములకు సాయమగుటకై వాటి రేట్లు తక్కువగా నుంచిరి. చైనా పెద్ద వర్తకదేశమైన తరువాత కూడ ఆ తక్కువ రేట్లు చాలకాలము దానికి వర్తించినవి. సముద్రము దాటి వచ్చు చిన్న పొట్లమునకు, ఒకే దేశములో ఊరినుండి ఊరికి పంపు పొట్లముకంటె తక్కువ కూలి పడిన సందర్భములు అందుచేతనే కలిగెను. అమెరికా దీనికి అభ్యంతరము చెప్పి 2018లో ఒడంబడికనుండి తొలగుదుమని నోటీసు ఇచ్చెను. 2019 సెప్టెంబరులో జెనీవాలో కూడిన ప్రత్యేక మహాసభ ఆ రేట్లను మార్చెను.

అగ్గువ యన్నంత మాత్రమున మోసము కాదని దీనివలన తెలియుచున్నది. దానికి లెక్కకు వచ్చు కారణములు కలవు. కాని లెక్కకు వచ్చు కారణములున్నచో, మనమును లెక్క వేయవలెను.

2. మన దేశములో వచ్చిన మార్పులు

పూర్వము 5,000 రూపాయలలోపు విలువ గల బహుమతులకు సుంకము లేకుండెను. కొందరు వర్తకులు అమ్మిన సరకునే 'బహుమతి' యని వ్రాసి పంపసాగిరి. 2019 డిసెంబరు 12వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఆ దారిని మూసివేసెను. ప్రాణరక్షక ఔషధములు, రాఖీలు తప్ప, తపాలా లేక కొరియరు ద్వారా బహుమతి పేర సరకు దిగుమతి చేయుట నిషేధింపబడినది. కావున "బహుమతి యని వ్రాసి పంపెదము, సుంకము పడదు" అని యే వర్తకుడైన చెప్పినచో, అతడు మనలను చట్టవిరుద్ధమైన పనిలోనికి దింపుచున్నాడని గ్రహింపవలెను.

2020 జూను 29న 59 చైనా యాప్‌లను, అదే సంవత్సరము నవంబరులో మరి 43 యాప్‌లను ప్రభుత్వము నిషేధించెను. అలీఎక్స్‌ప్రెస్ ఈ రెండవ జాబితాలోనిది. అంతమాత్రమున విదేశపు కొనుగోలు ఆగిపోలేదు. ఫోనులో కనబడు ప్రకటనలద్వారా, పేరు తెలియని అంగళ్ళద్వారా జరుగుచునే యున్నది. పెద్ద అంగడియైనచో నలుగురి అనుభవము తెలియును. నిన్న తెరచి రేపు మూయు అంగడి సంగతి ఎవరికి తెలియును? కావున జాగ్రత్త పూర్వముకంటె ఇప్పుడే ఎక్కువ అవసరము.

కొన్ని వస్తువుల జోలికి పోనేరాదు. పిల్లలు మిక్కిలి కోరు డ్రోనులను విదేశములనుండి తెప్పించుట 2022 ఫిబ్రవరి 9 నుండి నిషిద్ధము; పరిశోధన, రక్షణ, భద్రత వంటి కార్యములకే మినహాయింపు కలదు. ఎలక్ట్రానిక్ సిగరెట్లు 2019 చట్టముచే పూర్తిగా నిషేధింపబడినవి. అవి కలము ఆకారములో కూడ వచ్చును గనుక తల్లిదండ్రులు పిల్లల సంచులపై ఒక కన్ను వేయుట మంచిది.

3. ఇల్లు చేరిన ధర

"కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ" అని మన సామెత. విదేశపు సరకు విషయములో కొసరు మనకు వచ్చునది కాదు, మనము ఇచ్చునది. ఈ లెక్కను పిల్లలచేత వేయింపుడు. లెక్క సులభమగుటకు డాలరు 90 రూపాయలనియు, సుంకము పన్ను అంతయు కలిసి నూటికి 40 అనియు అనుకొందము. నిజమైన రేట్లు వస్తువును బట్టియు, బడ్జెట్టులను బట్టియు మారుచుండును. కొనుటకు ముందు విచారింపవలెను.

వస్తువు ధర 6 డాలర్లు: 540 రూపాయలు.
పంపు కూలి 3 డాలర్లు: 270 రూపాయలు.
రెండును కలిసి: 810 రూపాయలు.
విదేశపు చెల్లింపునకు బ్యాంకు తీసికొను రుసుము నూటికి 3.5, దానిపై 18 శాతము పన్ను: సుమారు 33 రూపాయలు.
సుంకము, పన్ను, 810పై నూటికి 40: 324 రూపాయలు.
మొత్తము: 1,167 రూపాయలు.

ఇందు రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, సుంకము వస్తువు ధరపై మాత్రమే గాక, పంపు కూలిని, భీమాను కూడ కలిపిన విలువపై పడును. రెండవది, కొరియరు సంస్థ సుంకపు పని జరిపించినందుకు తన రుసుమును వేరుగా అడుగవచ్చును. అది పై లెక్కలో చేరలేదు. ఫోనులో 540గా కనబడినది ఇంటికి వచ్చుసరికి రెండింతలు దాటినది. అదే వస్తువు మన బజారులో 900కు దొరకినచో ఏది అగ్గువ? బజారులోని వర్తకుడు చెడిపోయిన వస్తువును మార్చి యిచ్చును. లేకున్న అంగడి ముందు నిలిచి అడుగవచ్చును. సముద్రము ఆవలి వర్తకుడు "వస్తువును త్రిప్పి పంపుడు" అనును. త్రిప్పి పంపుటకు కూలి వస్తువు ధరకంటె ఎక్కువ!

లెక్క వేసిన తరువాత కూడ విదేశపు ధరయే తక్కువగా నుండవచ్చును. ఇక్కడ దొరకని విడిభాగము, అరుదైన పుస్తకము వంటివానికి అట్లు జరుగును. అప్పుడు నిశ్చింతగా కొనవచ్చును. లెక్క వేసి కొనువానిని మేము తప్పుపట్టము.

4. బొమ్మ చూచి కొనుట

ఈ విషయములో మేమే మొదటి దోషులము. రెండు సంవత్సరముల క్రిందట మా విజ్ఞానశాలకై భూతద్దములు కావలసివచ్చినవి. ఫోనులో పెద్దవిగా, ఇత్తడి పిడితో కనబడినవి పన్నెండు తెప్పించితిమి. వచ్చినవి బొటనవ్రేలంత ప్లాస్టిక్ బిళ్ళలు. కొలత అక్కడ వ్రాసియే యున్నది. మిల్లీమీటర్లలో చిన్న అక్షరములతో నున్నది. మేము చదువలేదు. పిల్లలకు కొలతలు నేర్పు ఉపాధ్యాయులము కొలత చూడక బొమ్మ చూచి మోసపోతిమి. ఇందు వర్తకుని తప్పుకంటె మా తప్పే ఎక్కువ.

మన యిండ్లలోని పెద్దలు తువాలు చేత పట్టి, తూకము చూచి, నూలు నంబరు అడిగి గాని ధర చెప్పరు. బీడీ కార్ఖానాలో ఆకు సరిగా లేని బీడీని చూచినంతనే తీసి ప్రక్కకు వేయుదురు. సరకును పరీక్షించుట మన చేతులకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ చేతులు ఫోనుపై పడగానే ఆ విద్యను మరచుచున్నవి. కావున కొనుటకు ముందు పొడవు, వెడల్పు, బరువు, దేనితో చేసినది అను నాలుగు సంగతులను కాగితముపై వ్రాసికొని, స్కేలుతో గీసి చూడవలెను. కొన్నవారి అభిప్రాయములలో మెచ్చినవారి మాటలకంటె, తప్పుపట్టినవారి మాటలను, వారు పెట్టిన ఫోటోలను ముందు చూడవలెను.

పిల్లల ఆటవస్తువుల విషయములో మరింత జాగ్రత్త కావలెను. 14 సంవత్సరములలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి మన దేశములో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఊడి వచ్చు చిన్న భాగములు, విషకరమైన రంగులు, పదునైన అంచులు పిల్లలకు హాని చేయకుండుటకై ఈ నియమము ఏర్పడినది. ఛార్జర్లు, పవర్‌బ్యాంకులు మొదలైనవానికి భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు సంఖ్య ఉండవలెను. ఆ సంస్థవారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో సంఖ్యను వేసి నిజానిజములు తెలిసికొనవచ్చును. పేరు లేని ఛార్జరు రాత్రి పిల్లవాని తలాపున వేడెక్కుచున్నచో, మిగిలిన నూరు రూపాయలు ఏమి లాభము?

5. పార్సెలు సంఖ్యలోని గణితము

దేశములమధ్య నడచు తపాలా పొట్లములకు పదమూడు గుర్తుల సంఖ్య ఉండును. మొదట రెండు అక్షరములు, నడుమ తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశమును తెలుపు రెండు అక్షరములు. చైనాకు సీ, ఎన్. తొమ్మిది అంకెలలో చివరిది పరీక్ష అంకె. మొదటి ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 లచే గుణించి, లబ్ధములను కూడి, 11చే భాగింపవలెను. శేషమును 11నుండి తీసివేయగా వచ్చునది పరీక్ష అంకె. 10 వచ్చినచో 0, 11 వచ్చినచో 5 అని వ్రాయుదురు.

ఆ తల్లికి మోసగాడు పంపిన సంఖ్యలోని అంకెలు 520143677. దానిని మేము ఏడవ తరగతి నల్లబల్లపై వ్రాసి, ఎవరిదో చెప్పకుండ, పిల్లలచేత లెక్క వేయించితిమి. 40, 12, 0, 2, 12, 15, 54, 49 కలిసి 184. 11చే భాగింపగా శేషము 8. 11లో 8 పోగా 3. సంఖ్యలోనున్నది 7! "సార్, ఇది తప్పు సంఖ్య" అని పిల్లలందరు ఒక్కసారిగా అరచిరి. వరండాలో కూర్చున్న ఆ తల్లి ఆ మాట వినెను.

ఒక హెచ్చరిక. లెక్క కలియనిచో సంఖ్య తప్పని చెప్పవచ్చును గాని, కలిసినంత మాత్రమున పిలిచినవాడు నిజమైనవాడని చెప్పరాదు. ఈ గణితము తెలిసిన దొంగ కూడ ఉండవచ్చును. కొరియరు సంస్థల సంఖ్యలకు ఈ సూత్రము వర్తింపదు.

6. పిలుపు వచ్చినప్పుడు

దొంగకు ఆమె పార్సెలు సంగతి ఎట్లు తెలిసినదని మీరు అడుగుదురు. చాలవరకు వానికి ఏమియు తెలియదు. వాడు కనబడిన సంఖ్యలకెల్ల ఫోను చేయును. నిజముగా పార్సెలుకై ఎదురుచూచువారు నమ్ముదురు. అంధకారములో వల విసరిన జాలరివంటివాడు.

కస్టమ్సు అధికారులు ఫోను చేసి, ఒక వ్యక్తి ఖాతాకు సుంకము పంపుమని అడుగరు. ఆ శాఖ పంపు ఉత్తరములపై డిన్ అను గుర్తింపు సంఖ్య ఉండును. దానిని శాఖవారి వెబ్‌సైటులో సరిచూడవచ్చును. వీడియోలో యూనిఫారము కనబరచి "నిన్ను ఫోనులోనే అరెస్టు చేసితిమి" అనుట శుద్ధ అబద్ధము. మన చట్టములో అట్టి అరెస్టు లేదు.

సొమ్ము పోయినచో ఆ క్షణమే 1930కి ఫోను చేయవలెను. బ్యాంకుకు తెలిపి కార్డును ఆపివేయింపవలెను. దొంగ ఖాతాలో సొమ్ము ఉన్నంతవరకే దానిని ఆపుట సాధ్యము. తరువాత అది చేతులు మారును. వర్తకుడు సరకు పంపకున్నను, చెడ్డ సరకు పంపినను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్సు నియమములు, మన దేశమువారికి క్రమముగా అమ్ము విదేశపు సంస్థలకును వర్తించును. సరకు ఏ దేశములో తయారైనదో చెప్పవలెను. ఫిర్యాదును 48 గంటలలో అందుకొన్నట్లు తెలిపి, నెలలోగా పరిష్కరింపవలెను. కాని మన దేశములో చిరునామాయే లేని అంగడిపై ఈ నియమమును నడిపించుట కష్టము. అందుచే ఫిర్యాదు దారి లేని చోట కొనకుండుటయే ఉత్తమము.

విదేశపు అంగళ్ళు చాలసార్లు ఓటీపీ అడుగకయే కార్డునుండి సొమ్ము తీసికొనగలవు. కావున కార్డులోని విదేశీ చెల్లింపు సదుపాయమును అవసరమైన దినమున తెరచి, పని కాగానే మూయవలెను. బ్యాంకు యాప్‌లోనే ఈ ఏర్పాటు ఉండును. కార్డు సంఖ్యను అంగడిలో దాచి యుంచరాదు.

7. తొమ్మిది దినముల మౌనము

ఆ దినమున మేము ఆ తల్లిచేత 1930కి ఫోను చేయించి ఫిర్యాదు వ్రాయించితిమి. కాని తొమ్మిది దినములు గడచిపోయినందున సొమ్ము ఎన్నో ఖాతాలు దాటినదని తెలిసెను. ఈ వ్యాసము వ్రాయునాటికి అది తిరిగి రాలేదు. విచిత్రమేమనగా, మరి రెండు వారములకు ఇయర్‌ఫోనులు వచ్చినవి. పొట్లముపై కస్టమ్సువారు వేసిన సుంకము వివరముగా వ్రాసియుండెను. తపాలావారు ఆ సొమ్మును రసీదు ఇచ్చి తీసికొనిరి. నిజమైన సుంకము ఎట్లుండునో ఆ తల్లి అప్పుడు కన్నులార చూచెను. ఫోను లేదు, బెదరింపు లేదు, రసీదు కలదు.

ఆ 2,950 రూపాయలను పోగొట్టినది దొంగ. దానిని తిరిగి రానీయనిది మాత్రము మన మౌనము. బాలుడు ఆ సాయంత్రమే "అమ్మా, నేను ఆర్డరు పెట్టితిని" అని చెప్పియున్నచో, తల్లి ఆ రాత్రియే ఎవరినైన అడిగియున్నచో, ఆశ యుండెడిది. వాడు ఏల చెప్పలేదు? దెబ్బలకు భయపడి. ఆమె ఏల చెప్పలేదు? "చదువురానిది గనుక మోసపోయినది" అని నలుగురు నవ్వుదురని. భూతద్దముల సంగతిని మేము పైన వ్రాసినది ఇందుకే. చదువుకొన్నవారును మోసపోవుదురు. మోసపోవుట సిగ్గు కాదు, దాచుటయే నష్టము.

కావున తల్లిదండ్రులారా, నేటి రాత్రి భోజనమువేళ పిల్లలతో ఒక ఒప్పందము చేసికొనుడు. "ఏమి కొన్నను ముందు చెప్పుము. చెప్పక కొన్నను, పొరపాటు జరిగినచో వెంటనే చెప్పుము. చెప్పినందుకు కొట్టము" అని మాట యిండు. ఆ మాట నిలుపుకొనుడు. మన పెద్దలు మగ్గము వెంట పరాయి ప్రాంతమునకు వచ్చి, ఒకరి కష్టము నొకరికి చెప్పుకొనియే నిలిచిరి. ఆ అలవాటును ఫోను వచ్చినంత మాత్రమున విడువనేల?

ఇంటిలో చేయవలసిన అభ్యాసములు

1. ధర 8 డాలర్లు, పంపు కూలి 4 డాలర్లు గల వస్తువు ఇల్లు చేరిన ధర యెంత? పై లెక్కలోని రేట్లనే తీసికొనుడు.
2. మొదటి ఎనిమిది అంకెలు 47312482 అయిన పొట్లమునకు పరీక్ష అంకె యేది?
3. ఇంటిలోని ఛార్జర్లను, ఆటవస్తువులను ముందు పెట్టుకొని, గుర్తులున్నవానిని, లేనివానిని వేరుచేయుడు.
4. 1930, 1915 అను రెండు సంఖ్యలను గోడపై పెద్ద అక్షరములతో వ్రాసి యుంచుడు. ఈ పనిని ఇంటిలో అందరికంటె చిన్నవానిచేత చేయింపుడు.

మొదటి రెండు లెక్కలకు జవాబులను పిల్లలు మా కార్యాలయమునకు తెచ్చి చూపవచ్చును. తల్లిదండ్రులును కూడ వచ్చినచో మాకు మరింత సంతోషము.